ఏడాది చివరి వేడుక, చేతితో కుట్టిన కానుకలు

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్విల్టింగ్ క్లబ్బుల వార్షిక వేడుక గురించే ఉన్నాయి. ఏడాది పొడవునా కూడి గుడ్డముక్కలు అతుకుతూ బొంతలు కుట్టుకునేవారు, ఏడాది చివరి సెలవుల్లో ఒక పూట ఆటలాడుకుని, తమ చేతితో చేసిన వస్తువులను ఒకరికొకరు ఇచ్చుకునే సందర్భమిది. పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఆ ఒక్క పూట జరిగిన తీరును బట్టి మరుసటి ఏడాది ఎవరు వస్తారు, ఎవరు మానేస్తారు అనేది తేలిపోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా క్లబ్బులో ఇరవై ఇద్దరు సభ్యులం. నిరుడు కానుకలన్నీ బల్ల మీద పెట్టి, చీటీలో వచ్చిన వరుస ప్రకారం ఒక్కొక్కరూ కొత్త పొట్లం విప్పడమో, అంతకుముందు ఇంకొకరు విప్పిన వస్తువును లాక్కోవడమో చేసే ఆట ఆడాం. కొత్తగా చేరిన ఒకావిడ కుట్టిన చిన్న సంచిని ఎవరూ లాక్కోలేదు. దాన్ని విప్పినావిడ కూడా, చివర్లో మార్చుకునే అవకాశం రాగానే ఇంకొకరి దగ్గరున్న దిండు గలీబు తీసుకుని సంచిని ఆ గలీబు దక్కినావిడ చేతిలో పెట్టారు. ఆ తర్వాత మూడు నెలలపాటు ఆ కొత్త సభ్యురాలు సమావేశాలకు రాలేదు. పాతవారు మాత్రం ‘ఆటే కదా, దానికింత బాధ పడాలా’ అంటున్నారు. ఈ ఏడాది ఆ ఆట మానేయాలంటారా? — ఒక క్లబ్బు కార్యదర్శి

జవాబు: మానేయమనే చెబుతాను. ఆట చెడ్డదని కాదు. కొని తెచ్చిన వస్తువులతో ఆడితే అందులో ఎవరి మనసూ నొచ్చుకోదు, ఎందుకంటే ఎవరికీ నచ్చని గాజు బొమ్మను తయారుచేసిన మనిషి ఆ గదిలో ఉండరు. చేతితో కుట్టిన వస్తువు విషయం వేరు. దాన్ని చేసిన మనిషి అక్కడే కూర్చుని, తన పని ఎన్ని చేతులు మారుతున్నదో, లేదా ఎవరి చేయీ దాని వైపు చాచడం లేదో కళ్లారా చూస్తూ ఉంటుంది. లాక్కునే ఆటలో చివరికి మిగిలేది వస్తువుల పంపకం కాదు, వాటికి అందరి ముందూ వేసిన మార్కులు. పాతికేళ్లుగా కుట్టేవారికి, మూడు నెలల క్రితం సూది పట్టినవారికి ఒకే బల్ల మీద మార్కులు వేస్తే ఎవరికి తక్కువ వస్తాయో ఆట మొదలు కాకముందే అందరికీ తెలుసు. పాతవారికి అది ఆటగానే అనిపించడంలో తప్పు లేదు, ఎందుకంటే వారి వస్తువుల కోసం జనం పోటీ పడ్డారు.

దానికి బదులు పేర్ల చీటీల పద్ధతి పెట్టుకోండి, అది కూడా వేడుకకు కనీసం ఎనిమిది వారాల ముందే. ఎవరికి ఇవ్వబోతున్నామో ముందే తెలిస్తే కుట్టేవారు ఆ మనిషిని తలచుకుంటూ కుడతారు. చీటీ మీద పేరుతో పాటు మూడు సంగతులు రాయించండి: ఇష్టమైన రెండు రంగులు, అసలు నచ్చని ఒక రంగు, వాడేది ఎడమ చేయా కుడి చేయా. ఈ చివరిది చాలామందికి తట్టదు కానీ, కుట్టుమిషను పక్కన వేలాడే జేబు సంచి కుట్టేటప్పుడు ఏ వైపు తెరుచుకోవాలో దాన్ని బట్టే నిర్ణయించాల్సి ఉంటుంది.

చీటీలు గిన్నెలో వేసి తీయడంలో ఒక చిక్కు ఉంది. అందరూ ఒక్కో చీటీ తీసుకుంటే కనీసం ఒకరికైనా తన పేరే వచ్చే అవకాశం దాదాపు 63 శాతం. పదిమంది ఉన్నా ఇరవై ఇద్దరున్నా ఈ అంకె పెద్దగా మారదు. అంటే మళ్లీ మళ్లీ గిన్నెలో వేసి తీయాల్సి వస్తుంది. దానికన్నా చీటీలన్నిటినీ బాగా కలిపి బల్ల మీద వలయంగా పరచి, ప్రతి ఒక్కరూ తన పక్క చీటీలోని మనిషికి ఇవ్వాలని రాసుకోండి. ఎవరికీ తన పేరు రాదు. మధ్యలో ఒకరు ఊరు వెళ్లవలసి వచ్చినా, ఆవిడకు ఇవ్వాల్సినవారు ఆవిడ ఇవ్వాల్సినవారికి ఇస్తే వలయం మళ్లీ కలుస్తుంది. ఈ జాబితా మీ ఒక్కరి దగ్గరే ఉండాలి.

హద్దు కూడా పెట్టండి, కానీ డబ్బు రూపంలో వద్దు. చేతిపని విలువ గుడ్డ ఖరీదులో ఉండదు, పట్టిన గంటల్లో ఉంటుంది. ‘నాలుగు గంటల్లో అయ్యే పని, 8 అంగుళాల చదరానికి మించని వస్తువు’ అని ముందుగా చెబితే, అనుభవం ఉన్నవారు ఆ నాలుగు గంటల్లో సన్నని పనితనం చూపిస్తారు, కొత్తవారు సాదా పని చేస్తారు, రెండూ బల్ల మీద ఒకే పరిమాణంలో ఉంటాయి. ఒకరు పెద్ద బొంత తెచ్చి ఇంకొకరు వేలెడంత పట్టీ తెచ్చే ఇబ్బంది ఉండదు. అనుభవజ్ఞులైన ఇద్దరిని చెరో వస్తువు అదనంగా కుట్టి మీ దగ్గర దాచమని అడగండి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి కుట్టలేకపోయినవారు ఒట్టి చేతులతో రావాల్సిన అవసరం ఉండదు.

విప్పడం మాత్రం ఒకేసారి గుంపుగా చేయకండి. అందరూ వలయంగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు విప్పాలి. మనిషికి రెండు నిమిషాలు చొప్పున ఇరవై ఇద్దరికి ముప్పావు గంట పడుతుంది. విప్పినవారు ‘బాగుంది’ అని ఊరుకోకుండా, కనిపించిన ఒక పనితనాన్ని పేరుపెట్టి చెప్పాలన్న చిన్న నియమం పెట్టండి: మూలలు కలిసిన తీరు కావచ్చు, రెండు రంగులు పక్కపక్కన పెట్టిన ఆలోచన కావచ్చు. ఇక నిరుడు నొచ్చుకున్న ఆ సభ్యురాలికి మీరే స్వయంగా ఫోన్ చేసి, ఈసారి పద్ధతి మారిందని చెప్పండి. ఆ కబురు మరొకరి నోట పంపకండి.

ప్రశ్న: నేను ఈ ఏడాదే క్లబ్బులో చేరాను. మిషను మీద సూటిగా కుట్టడం, చేతితో సన్నకుట్టు వేయడం తప్ప ఇంకేమీ రాదు. వేడుకకు మూడు వారాలే ఉంది. సిగ్గుపడకుండా ఇవ్వగలిగిన వస్తువు ఏదైనా చెప్పగలరా? — ఒక కొత్త సభ్యురాలు

జవాబు: ఎనిమిది మూలల సూదుల దిండు కుట్టండి. చూసేవారికి చాలా కష్టమైన పనిలా కనిపిస్తుంది, కానీ దానికి కావలసింది మీకు వచ్చిన సూటి కుట్టే. ఒకే కొలత గల రెండు చదరపు ముక్కలు, 4½ అంగుళాలవి, కత్తిరించుకోండి. నాలుగు వైపులా పావు అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి. ఇప్పుడు ఒక చదరం మూలను రెండో చదరం అంచుకు సరిగ్గా మధ్యన ఆనించి, అక్కడి నుంచి రెండు అంచులనూ కలిపి చిన్న చిన్న కుట్లతో కుట్టుకుంటూ రండి. రెండో చదరం మూల రాగానే గుడ్డ తనంతట తానే మలుపు తిరుగుతుంది. మీరు ఆపకుండా కుట్టుకుంటూ పోవడమే. ఆ మలుపు దగ్గర మొదటిసారి కుట్టే ఎవరికైనా ఏదో తప్పు జరిగిందనిపిస్తుంది, ఎందుకంటే పని బల్ల మీద చదునుగా కూర్చోదు. భయపడకండి, అది అలాగే వంకర తిరగాలి. చివరి ఒకటిన్నర అంగుళం వదిలి లోపల నింపి, నోరు మూసి, నడిమధ్యన పైనొక గుండీ కిందొక గుండీ పెట్టి దారం గట్టిగా లాగి ముడివేస్తే ఎనిమిది మూలలూ నిక్కుకుని నిలబడతాయి.

లోపల ఏం నింపాలన్నది ముఖ్యం. పాలియెస్టర్ దూది ఒక్కటే నింపితే దిండు మరీ తేలికై, సూది తీసేటప్పుడు దానితో పాటే పైకి లేస్తుంది. మెత్తగా దంచిన అక్రోటు పెంకుల పొడి బరువుగా ఉండి కదలకుండా కూర్చుంటుంది. అయితే తీసుకునేవారికి గింజలు పడవేమో ముందుగా కనుక్కోండి. ఉన్ని నింపితే అందులో సహజంగా ఉండే జిడ్డు వల్ల సూదులు తొందరగా తుప్పు పట్టవు. సూదికి పదును పెట్టే ఎమరీ పొడి కూడా వాడతారు కానీ అది చాలా సన్నని పొడి కాబట్టి ఒత్తుగా నేసిన గుడ్డతో లోపల ఇంకో సంచి కుట్టాలి. బియ్యం, పప్పులు మాత్రం వద్దు. తేమ పీల్చి పురుగు పడతాయి.

మిషను మీద ముక్కలు అతికి పై గుడ్డ తయారు చేయాలనుకుంటే ముందుగా మీ పావు అంగుళం కుట్టు నిజంగా పావు అంగుళమేనా అని చూసుకోండి. 2½ అంగుళాల వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేసి కొలిస్తే మొత్తం వెడల్పు సరిగ్గా 6½ అంగుళాలు రావాలి. తక్కువ వస్తే మీ కుట్టు లోపలికి పోతున్నట్టు, ఎక్కువ వస్తే అంచుకు మరీ దగ్గరగా పడుతున్నట్టు. ఎర్రని, ముదురు నీలం గుడ్డలను కత్తిరించే ముందే ఒకసారి ఉతికి రంగు పోతుందేమో చూడండి.

ఒక్క మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇచ్చేటప్పుడు దయచేసి మీ తప్పులు మీరు ఏకరువు పెట్టకండి. ‘ఇక్కడ కుట్టు వంకర పోయింది, ఈ మూల సరిగా రాలేదు’ అని మీరు చూపించేదాకా అవతలివారి కంటికి అది కనిపించదు. మీరు చూపించాక అది తప్ప ఇంకేమీ కనిపించదు.

ప్రశ్న: మా వేడుకలో ప్రతి ఏడాదీ అదే అంత్యాక్షరి, అదే కుర్చీలాట. కుట్టుపనికి సంబంధించిన ఆటలు ఏమైనా ఉన్నాయా? మాలో పాతికేళ్ల అమ్మాయిలు, డెబ్బై దాటిన పెద్దవారు కూడా ఉన్నారు. — వేడుక ఏర్పాట్లు చూసే ఇద్దరు సభ్యులు

జవాబు: వయసుతో పనిలేకుండా అందరూ ఆడగలిగిన ఆటల్లో పట్టీల పాచికల ఆట నాకు అన్నిటికన్నా ఇష్టం. ప్రతి ఒక్కరూ 2½ అంగుళాల వెడల్పు నూలు పట్టీలు మూడు తెచ్చుకుని వలయంగా కూర్చుంటారు. వంతు వచ్చినవారు తమ దగ్గర ఎన్ని పట్టీలుంటే అన్ని పాచికలు, గరిష్ఠంగా మూడు, వేస్తారు. ఒకటి పడితే ఒక పట్టీ ఎడమ పక్కవారికి, రెండు పడితే కుడి పక్కవారికి, మూడు పడితే మధ్యలో ఉన్న బుట్టలోకి. నాలుగు, ఐదు, ఆరు పడితే ఆ పట్టీ వారి దగ్గరే ఉంటుంది. చేతిలో పట్టీలు అయిపోయినవారు కూడా ఆటలోంచి పోరు, ఎందుకంటే పక్కవారి పాచికతో మళ్లీ పట్టీ రావచ్చు. చివరికి ఒక్కరి దగ్గరే పట్టీలు మిగిలినప్పుడు బుట్ట మొత్తం వారిది. ఇరవై మంది ఆడితే అరవై పట్టీలు, అంటే ఒక మంచంమీది బొంతకు పై పొర సిద్ధమైనట్టే. వచ్చే ఏడాది వేడుకకు ఆ బొంత తెచ్చి చూపించాలని గెలిచినవారి దగ్గర మాట తీసుకోండి. తాను ఇచ్చిన పట్టీ ఎక్కడుందో ప్రతి ఒక్కరూ అందులో వెతుక్కుంటారు. ఆ వెతుకులాట ఆటకన్నా బాగుంటుంది. పట్టీలకు బదులు ఫ్యాట్ క్వార్టర్ అని పిలిచే 18 అంగుళాలు 22 అంగుళాల ముక్కలతో కూడా ఆడతారు కానీ, మూడేసి ముక్కలు పోగొట్టుకోవడం కొందరికి కష్టంగా ఉంటుంది. పట్టీలే నయం.

కాస్త సందడి కావాలంటే పట్టీల పరుగు పెట్టండి. అసలు ఆటలో ఒక్కొక్కరూ 42 అంగుళాల పొడవుండే పట్టీలు నలభై తీసుకుని కొసకు కొస అతుకుతారు. దాదాపు 140 అడుగుల ఒకే పట్టీ తయారవుతుంది. మొదటి పట్టీలోంచి 18 అంగుళాలు కత్తిరించి తీసేస్తారు, లేకపోతే అతుకులన్నీ ఒకే వరుసలో వచ్చి పడతాయి. తర్వాత ఆ పొడుగు పట్టీని సగానికి మడిచి ఆ పొడవునా కుట్టి, మడత కత్తిరించి తెరిచి, మళ్లీ సగానికి మడిచి కుట్టడం. ఇలా ఐదుసార్లు చేస్తే సుమారు 50 అంగుళాలు 64 అంగుళాల పై పొర వస్తుంది. ఇది గంటకు పైగా సాగుతుంది కాబట్టి వేడుకలో నలుగురేసి ఒక జట్టుగా, జట్టుకు ఒక మిషను, పది పట్టీలు మాత్రమే ఇవ్వండి. మూడు మడతలకే సుమారు 50 అంగుళాల పొడవు, 16½ అంగుళాల వెడల్పుతో బల్ల మీద పరిచే గుడ్డ అవుతుంది. ఒకరు కుట్టడం, ఒకరు పట్టీ మెలి పడకుండా పట్టుకోవడం, ఒకరు కత్తిరించడం, ఒకరు ఇస్త్రీ. కుర్చీ దిగలేని పెద్దవారికి పట్టీ పట్టుకునే పని సరిగ్గా సరిపోతుంది, నిజానికి గెలుపోటములు తేల్చేది కూడా ఆ పనే. ఒక్క మెలిక తెలియకుండా లోపలికి పోయిందంటే ఆ జట్టు కుట్టంతా విప్పుకోవాల్సిందే. బాబిన్లు నిండుగా చుట్టి పక్కన పెట్టించండి.

ఇక్కడ కరెంటు సంగతి మరవకండి. ఇంట్లో వాడే కుట్టుమిషను సుమారు 100 వాట్లు తీసుకుంటే ఇస్త్రీ పెట్టె 1000 వాట్లకు పైనే తీసుకుంటుంది. ఐదు మిషన్లు ఒకే తీగ మీద నడిచినా ఫర్వాలేదు కానీ, రెండు మూడు ఇస్త్రీ పెట్టెలు ఒకే చోట పెడితే ఫ్యూజు పోయి ఆట ఆగిపోతుంది. వాటిని వేర్వేరు గదుల ప్లగ్గులకు పెట్టండి, తీగలు కాళ్లకు అడ్డం పడకుండా గోడ వెంబడి నడపండి.

కథ చదువుతూ ‘కుడి’ అన్నప్పుడల్లా కుడివైపుకు, ‘ఎడమ’ అన్నప్పుడల్లా ఎడమవైపుకు పొట్లాలు అందించుకునే ఆట కూడా బాగుంటుంది. చదివేవారు నెమ్మదిగా, గట్టిగా చదవాలి. సీసాలో ఎన్ని గుండీలున్నాయో చెప్పమనడం వంటివి వచ్చేవారికోసం ఎదురు చూసే సమయంలో సరిపోతాయి. సూదిలో దారం ఎక్కించే పోటీ మాత్రం వద్దంటాను. కీళ్ల నొప్పులున్నవారికి, చూపు తగ్గినవారికి తాము ఏం పోగొట్టుకుంటున్నారో అందరి ముందూ గుర్తుచేయడం తప్ప అందులో ఆటేమీ లేదు.

ప్రశ్న: మిషను మీద కుట్టిన వస్తువును ‘చేతితో చేసిన కానుక’ అనవచ్చునా? మా క్లబ్బులో దీని మీద పెద్ద వాదన జరిగింది. — ఒక పాఠకురాలు

జవాబు: అనవచ్చు. గుడ్డ ఎంచుకోవడం, కత్తిరించడం, రంగులు పొదగడం, అతుకులు కలపడం అన్నీ ఆ మనిషి చేతులు చేసినవే. అయితే మొత్తం సూదితో కుట్టినదాన్ని ‘చేతికుట్టు’ అని వేరుగా చెప్పుకోవడం కూడా న్యాయమే, ఎందుకంటే దానికి పట్టే కాలం ఎన్నో రెట్లు ఎక్కువ. మీరు కానుకలకు గంటల హద్దు పెట్టుకుంటే ఈ వాదన అక్కడితో తీరిపోతుంది.

ప్రశ్న: పన్నెండేళ్లుగా క్లబ్బును నడిపిన మా అధ్యక్షురాలు ఈ వేడుకతో బాధ్యతల నుంచి తప్పుకుంటున్నారు. అందరం తలా ఒక బ్లాకు (బొంతలో అతికే చదరపు ముక్క) మీద సంతకం చేసి బొంతగా కుట్టి ఇవ్వాలనుకుంటున్నాం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? — క్లబ్బు సభ్యులందరి తరఫున ఒకరు

జవాబు: చాలా మంచి ఆలోచన, దీనికి పాత చరిత్ర కూడా ఉంది. 1840ల దశకంలో అమెరికా తూర్పు రాష్ట్రాల్లో సంతకాల బొంతలు విరివిగా కుట్టేవారు. బాల్టిమోర్ నగరంలో కుట్టిన, ఒక్కో చదరంలో ఒక్కో బొమ్మ ఉండే ఆల్బమ్ బొంతలు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ కాలం బొంతల్లో కొన్నిచోట్ల పేరు ఉండాల్సిన చోట అక్షరాల ఆకారంలో చిల్లులు కనిపిస్తాయి. ఇనుము కలిసిన సిరాలు ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డను తినేశాయి. కాబట్టి సంతకాల బొంతలో మొదట ఆలోచించాల్సింది సిరా గురించే.

నా అనుభవం చెబుతాను. మేం ఇలాంటి బొంత కుట్టినప్పుడు, కొందరు గీతలు గీసుకునే పెన్ను చేతికి అందిందని దానితోనే పేర్లు రాశారు. అది వేడికి చెరిగిపోయే రకం పెన్ను. నేను బ్లాకులను చదును చేద్దామని ఇస్త్రీ పెట్టె ఒక్కసారి నడిపేసరికి పదకొండు పేర్లు కళ్లముందే మాయమయ్యాయి. అందులో ఒకటి అప్పటికే ఊరు విడిచి వెళ్లిపోయిన సభ్యురాలిది. ఆ రకం సిరా 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనిపించకుండా పోతుంది, గడ్డకట్టే చలిలో పెడితే తిరిగి కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసినావిడ ఒకరు బ్లాకులను ప్లాస్టిక్ సంచిలో పెట్టి రాత్రంతా ఫ్రీజరులో ఉంచమన్నారు. తెల్లవారి తీసి చూస్తే అక్షరాలు లేత బూడిద రంగులో మళ్లీ వచ్చాయి. అవి చెరిగేలోపే సరైన పెన్నుతో వాటి మీదుగా దిద్దుకుంటూ పోయాం. మీకు ఆ కంగారు రాకుండా ఉండాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

బట్ట మీద రాయడానికి పనికొచ్చే, నీటికి కరగని పిగ్మెంట్ సిరా పెన్నులు రెండు మూడు మీరే కొని, వాటితోనే అందరి చేతా రాయించండి. తెల్లని నూలు గుడ్డను ముందే ఉతికి ఆరబెట్టి, బ్లాకులన్నీ ఒక్కరే కత్తిరించాలి. తలా ఒకరు కత్తిరించుకుని తెస్తే కొలతలు కలవవు. వెనక ఫ్రీజర్ పేపర్ (ఒక వైపు పల్చని ప్లాస్టిక్ పూత ఉండే కాగితం) మెరుపు వైపు గుడ్డకు తగిలేలా ఇస్త్రీతో అంటిస్తే గుడ్డ జారకుండా కాగితంలా నిలుస్తుంది. చుట్టూ అర అంగుళం మేర లేత పెన్సిలు గీత గీసి, దాన్ని దాటి రాయవద్దని చెప్పండి, లేకపోతే ఎవరి పేరులోనో చివరి అక్షరం కుట్టులోకి పోతుంది. రాసింది ఒక రోజు ఆరనిచ్చి, ఆవిరి లేని ఇస్త్రీతో వెనకనుంచి అదమండి. ముందుగా ఒక తునక మీద రాసి ఉతికి చూసుకోవడం తప్పనిసరి. కుట్టు పూర్తయ్యాక 8 అంగుళాలు ఉండే బ్లాకులు ముప్పై అయితే ఐదు వరుసల్లో ఆరేసి చొప్పున 40 అంగుళాలు 48 అంగుళాల బొంత అవుతుంది, ఒడిలో కప్పుకోవడానికి సరైన కొలత. చేయి వణికి రాయలేని పెద్దవారుంటే వారి పేరును వారే కాగితం మీద ఎలా రాయగలిగితే అలా రాయించి, దాన్ని గుడ్డ కింద పెట్టి దారంతో కుట్టండి. వణికిన గీతను సరిదిద్దవద్దు, అది వారి సంతకం. సంతకాలన్నీ వేడుకకు ఆరు వారాల ముందే మీ చేతికి రావాలి.

ప్రశ్న: మా సభ్యురాలొకరికి నెల క్రితం పాప పుట్టింది. వేడుకలో ఆమెకు అందరం కలిసి చంటిబిడ్డ బొంత ఇవ్వాలనుకుంటున్నాం. — ఒక పాఠకురాలు

జవాబు: ఇవ్వండి, కానీ నిద్రపోయే పాపకు కప్పడానికి కాదని తల్లికి చెప్పి ఇవ్వండి. ఏడాది నిండని పిల్లలు నిద్రపోయే చోట వదులుగా ఉండే దుప్పటి, బొంత, దిండు ఉండకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. నేల మీద పరిచి పాపను బోర్లా ఆడించడానికి ఇది చక్కగా పనికొస్తుంది. గుండీలు, పూసలు, రిబ్బన్లు కుట్టకండి. బ్యాటింగ్ అని పిలిచే లోపలి దూది పొరతో పాటు వచ్చే కాగితం మీద కుట్ల వరుసల మధ్య ఎంత ఎడం ఉండవచ్చో రాసి ఉంటుంది. ఇది తరచూ ఉతికే బొంత కాబట్టి దానికన్నా దగ్గరగానే కుట్టండి, లేకపోతే దూది ముద్దలు కడుతుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్లు మాతో కుట్టిన ఒక పెద్దావిడ ఈ ఏడాది మధ్యలో కన్నుమూశారు. ఆవిడ చేతితో కుడుతున్న బొంత ఒకటి సగంలో ఆగిపోయి, గుడ్డను బిగించి పట్టే చట్రం తీయకుండా, సూది గుచ్చినది గుచ్చినట్టే మా దగ్గర ఉంది. దాన్ని పూర్తిచేసి వేడుకలో ఆవిడ కూతురికి ఇవ్వాలని మా కోరిక. ఆవిడ కుట్లు అంగుళానికి తొమ్మిది పడేవి, మాలో ఎవరికీ ఆరుకు మించి రావు. పాడుచేస్తామేమోనని భయంగా ఉంది. — ముగ్గురు సభ్యులు

జవాబు: మొదట కూతురిని అడగండి. పూర్తయిన బొంత కావాలనుకునేవారు ఉంటారు, అమ్మ చేయి ఎక్కడ ఆగిందో అక్కడే ఉండనివ్వాలనుకునేవారూ ఉంటారు. ఆమె వద్దంటే, అంచులు మాత్రం విడిపోకుండా టాకాలు వేసి అలాగే అప్పగించండి. ఆనందంగా ఇద్దామనుకుని ముందుగా చెప్పకుండా వేడుకలో అందరి ముందూ చేతిలో పెట్టడం మాత్రం వద్దు.

ఆమె సరేనంటే, సూది ఉన్న చోటు ఫోటో తీసుకుని ఈరోజే ఆ సూదిని, చట్రాన్ని తీసేయండి. గుడ్డలో నెలల తరబడి ఉన్న సూది తుప్పు పడుతుంది. ఇప్పటికే మరక పడి ఉంటే క్లోరిన్ బ్లీచు తగలనివ్వకండి, తుప్పు మరక ఇంకా ముదురుతుంది. గుడ్డ మీద నీటికి పోయే నీలి గీతలు ఉంటే వాటి మీద ఇస్త్రీ పెట్టవద్దు, వేడి తగిలితే ఆ గీతలు శాశ్వతంగా నిలిచిపోతాయి. అంతా కుట్టాక చల్లని నీటిలో తీసేయవచ్చు.

ఇక కుట్ల సంగతి. ఆవిడ కుట్టినదాంట్లో ఒక్కటి కూడా విప్పకండి. మీ కుట్లు తొమ్మిదికి రావాలని బలవంతంగా బిగించకండి, అలా చేస్తే గుడ్డ ముడుచుకుంటుంది. అదే రంగు, అదే మందం దారం వెతికి తెచ్చుకుని, మీకు వచ్చే ఆరు కుట్లే సమంగా వేయండి. ఎక్కడ ఆవిడ చేయి ఆగి మీ చేతులు మొదలయ్యాయో చూసేవారికి తెలుస్తుంది. తెలియాలి కూడా. ఆ గీత దగ్గర కూతురు వేలు పెట్టి ‘ఇక్కడిదాకా అమ్మ’ అని చెప్పుకోగలగాలి. ముగ్గురూ ఒకే వైపు నుంచి కాకుండా మిగిలిన భాగాన్ని పంచుకుని కుడితే, ఒకరి కుట్టు మరొకరిదానికి తేడాగా ఒకేచోట పోగుపడదు.

అంచుపట్టీ వేసే ముందే వెనక ఒక మూలన చిన్న తెల్లగుడ్డ చీటీ పెట్టి, దాని రెండు అంచులు పట్టీలో కలిసిపోయేలా కుట్టండి. ఆవిడ పేరు, మొదలుపెట్టిన ఏడాది తెలిస్తే ఆ ఏడాది, పూర్తి చేసిన ముగ్గురి పేర్లు రాసి, కింద రెండు వరుసల చోటు ఖాళీగా వదలండి, కూతురు రాసుకోవాలనుకుంటే రాసుకుంటుంది. వేడుక రోజున ఆటలు మొదలు కాకముందే, గదిలో సందడి లేనప్పుడు ఇవ్వండి. ఆ పాత సూదిని పారేయకండి. ఉన్ని గుడ్డ ఆకులతో చిన్న సూదుల పుస్తకం కుట్టి, అందులో గుచ్చి, బొంతతో పాటే ఆమెకు అందించండి.